మీ పొలంలోని స్టార్టర్ డబ్బాతోనే మొదలుపెట్టు

ప్రశ్న: సార్, నమస్తే. మాది సిద్దిపేట జిల్లాలో ఒక పల్లె. బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎంబెడెడ్ సిస్టమ్స్‌లోకి వెళ్లాలని ఉంది కానీ, అసలు అదేంటో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. క్లాసులో 8051 అనే చిప్ గురించి చెప్పారు. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. అయినా చేతిలో బోర్డు పెడితే ఏం చేయాలో తెలియదు. సీనియర్లు అమీర్‌పేటలో కోర్సు చేయమంటున్నారు. ఫీజు 45 వేలు. వడ్లు అమ్మిన డబ్బుల్లోంచి ఇస్తానని నాన్న అంటున్నారు. చేరమంటారా? నాకు సీ లాంగ్వేజ్ కూడా అంతంతమాత్రమే. ఇది నాకు వస్తుందా రాదా అని టెన్షన్‌గా ఉంది. మా ఇంట్లో చెప్పుకోదగ్గ ఎలక్ట్రానిక్ వస్తువంటే పొలంలో బోరు మోటారుకు పెట్టిన మొబైల్ స్టార్టర్ ఒక్కటే. — ఒక విద్యార్థిని

జవాబు: చూడమ్మా, ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. ఆ 45 వేలు ఇప్పుడు కట్టొద్దు. వడ్ల డబ్బు నాన్న దగ్గరే ఉండనీ. రెండు వేల లోపు ఖర్చుతో నీ అంతట నువ్వు మూడు నెలలు చేసుకోవాల్సిన పని ఉంది. అది అయ్యాక కూడా కోర్సు కావాలనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

నీ ఉత్తరం చదువుతుంటే నా కళ్లు ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాయి. ‘మొబైల్ స్టార్టర్ ఒక్కటే’ అన్నావు. ఆ ఒక్కటి చాలు. ఎంబెడెడ్ సిస్టమ్ అంటే ఏంటని నువ్వు ఎవరెవరినో అడుగుతున్నావు, అది మీ బోరు పక్కన రేకు డబ్బాలో ఉంది.

దానికంటే ముందు ఏముండేదో నాన్నను అడుగు. మూడు ఫేజ్‌ల కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది. టార్చి పట్టుకుని, పాములకు భయపడుతూ, గట్ల మీద నడిచి వెళ్లి మోటారు వేయాల్సి వచ్చేది. ఆ బాధ పడలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే ఆన్ అయ్యేది. పాత ఆటో స్టార్టర్లలో చాలావాటికి తెలిసింది అంతే: కరెంటు వచ్చిందా, మోటారు వెయ్యి. బోరులో నీళ్లున్నాయా, మడి నిండిందా అన్న ఆలోచన దానికి లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే రైతులను కోరింది. అవసరం లేకపోయినా మోటార్లు నడుస్తూనే ఉంటే భూగర్భ జలం అడుగంటుతుందన్నది దాని భయం.

ఇప్పుడు మీ మొబైల్ స్టార్టర్ సంగతి చూడు. నాన్న ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తారు. డబ్బాలోని సిమ్ మాడ్యూల్ ఆ కాల్ అందుకుంటుంది. ఫోన్ చేసింది తనకు తెలిసిన నంబరేనా అని లోపలున్న చిన్న చిప్ చూసుకుంటుంది. మూడు ఫేజ్‌లూ సరిగా ఉన్నాయా అని కొలుస్తుంది. ఒక ఫేజ్ లేకుండా మోటారు వేస్తే అది గుయ్‌మని మూలిగి వైండింగ్ కాలిపోతుందని నీకు తెలిసే ఉంటుంది. అన్నీ బాగుంటే రిలే అనే చిన్న స్విచ్‌కు చెబుతుంది, రిలే కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్‌ను లాగుతుంది, మోటారు తిరుగుతుంది. అక్కడితో దాని పని అయిపోదు. మోటారుకు వెళ్లే తీగ ఒకటి గాజులాంటి చిన్న చుట్టలోంచి పోతుంటుంది. దాన్ని కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ అంటారు. ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చిప్ దాని ద్వారా చూస్తూనే ఉంటుంది. బోరు ఎండిపోతే ఎత్తడానికి నీళ్లుండవు, భారం తగ్గుతుంది, కరెంటు లాగడం తగ్గుతుంది. అది గమనించి డ్రై రన్ అని తేల్చుకుని మోటారు ఆపేస్తుంది, నాన్నకు మెసేజ్ పంపుతుంది.

బయటి ప్రపంచాన్ని కొలవడం, ఏం చేయాలో తేల్చుకోవడం, ఒక వస్తువును కదిలించడం, ఇదంతా ఒక యంత్రం కడుపులో కూర్చుని మనిషి లేకుండా రాత్రింబగళ్లు చేయడం. అలాంటి కంప్యూటరే ఎంబెడెడ్ సిస్టమ్. వాషింగ్ మెషీన్‌లో ఉంది, బైకు ఇంజిన్‌లో ఉంది, మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యే ఈవీఎంలో ఉంది. ల్యాప్‌టాప్‌లో పాట వినొచ్చు, ప్రాజెక్ట్ రిపోర్టు టైప్ చేసుకోవచ్చు. స్టార్టర్‌లోని కంప్యూటర్‌కు మోటారు తప్ప వేరే లోకం లేదు. అందుకే అంత చవకగా, అంత చిన్నగా ఉంటుంది.

ఎంత చిన్నదో ఒక్కసారి చూడు. నువ్వు మొదట కొనబోయే ఆర్డుయినో ఊనో (ఆర్3 రకం) బోర్డు మీద ఏటీమెగా 328పీ అనే చిప్ ఉంటుంది. ప్రోగ్రామ్ దాచుకోవడానికి అందులో ఉన్నది 32 కిలోబైట్లు. లెక్కలు చేసుకునే ర్యామ్ 2 కిలోబైట్లు. నీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. అయినా సెకనుకు కోటి అరవై లక్షల టిక్కులతో నడుస్తుంది. నువ్వు చదివిన 8051 ఇంకా చిన్నది. ఇంటెల్ 1980లో తెచ్చినప్పుడు దాని ర్యామ్ 128 బైట్లు. పాతదని దాన్ని తీసిపారేయకు. టైమర్, ఇంటరప్ట్, పోర్టు అని నువ్వు బట్టీపట్టిన మాటలన్నీ కొత్త చిప్‌లలోనూ అవే. పరీక్షలో రాసినవి చేతిలో పనిచేయడం ఇంకా చూడలేదు, అంతే నీకున్న లోటు.

ఇక కొనాల్సినవి. ఒక ఊనో బోర్డు (కంపెనీది కాకుండా అదే డిజైన్‌తో వచ్చే చవక బోర్డైనా ఫరవాలేదు), బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చి కలిపే పలక), పది ఎల్ఈడీలు, 220 ఓమ్‌ల రెసిస్టర్లు ఓ పదిహేను, నాలుగు పుష్ బటన్లు, రెండు పొటెన్షియోమీటర్లు (తిప్పితే వోల్టేజ్ మార్చే గుబ్బలు), జంపర్ వైర్లు. వీటితోపాటు వోల్టులూ ఆంపియర్లూ కొలిచే ఒక మల్టీమీటర్ తప్పనిసరి. చవకదైనా సరే, అది లేకుండా మొదలుపెట్టకు. హైదరాబాద్ వచ్చినప్పుడు కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే అన్నీ ఒకే చోట దొరుకుతాయి. నెలాఖరు దాకా డబ్బు లేదంటే ఈలోగా వోక్‌వీ, టింకర్‌క్యాడ్ అనే ఉచిత సిమ్యులేటర్లలో బ్రౌజర్‌లోనే ఇవన్నీ కలిపి చూడొచ్చు. అయితే సిమ్యులేటర్‌లో వైరు వదులవదు, చిప్ వేడెక్కదు. అసలు చదువు వైరు వదులైనప్పుడే మొదలవుతుంది.

మొదటి రోజు ఎల్ఈడీ వెలిగించు. ఊరికే వెలిగించొద్దు, లెక్క వేసి వెలిగించు. పిన్ను ఇచ్చేది 5 వోల్టులు, ఎర్ర ఎల్ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 3 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. మూడును 220తో భాగిస్తే సుమారు 14 మిల్లీఆంపియర్లు. మల్టీమీటర్ పెట్టి ఆ లెక్క దగ్గర్లోకి వచ్చిందో లేదో చూసుకో. కాగితం మీద వేసిన ఓమ్ సూత్రం మీటరులో కనబడిన రోజు నీ టెన్షన్ సగం పోతుంది.

రెండో రోజు బటన్. ఇక్కడ కాస్త నిదానించు, ఎందుకంటే ఎంబెడెడ్ మనస్తత్వం అంతా ఈ ఒక్క బటన్‌లో ఉంది.

బటన్ ఒక కాలు పిన్నుకు, ఇంకో కాలు గ్రౌండ్‌కు కలుపు. బటన్ నొక్కితే ఎల్ఈడీ ఆరాలి, వదిలితే వెలగాలి అని ప్రోగ్రామ్ రాయి. నొక్కినప్పుడు సరిగ్గానే ఆరుతుంది. వదిలాక మాత్రం దానికి పూనకం వచ్చినట్టుంటుంది. చెయ్యి దగ్గరికి తెస్తే మిణుకుమంటుంది, వైరు ముట్టుకుంటే వెలుగుతుంది, దూరం జరిగితే ఆరుతుంది. నువ్వు ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతావు. తప్పు అక్కడ లేదు. నొక్కినప్పుడు పిన్ను గ్రౌండ్‌కు అంటుకుని ఉంది, సున్నా అని చదువుతుంది. వదిలేశాక ఆ పిన్ను దేనికి అంటుకుని ఉంది? దేనికీ లేదు, గాలిలో వేలాడుతోంది. మన ఇంటి కరెంటు తీగల నుంచి వచ్చే గాలివాటు సంకేతాలను నీ చెయ్యి యాంటెన్నాలా దానికి అందిస్తోంది. పిన్నును లోపలి నుంచే 5 వోల్టుల వైపు పట్టి ఉంచే ఏర్పాటు చిప్‌లోనే ఉంది, పుల్ అప్ అంటారు. ప్రోగ్రామ్‌లో ఒక్క మాట మార్చి దాన్ని ఆన్ చేస్తే పూనకం ఆగిపోతుంది.

తర్వాత బటన్ ఎన్నిసార్లు నొక్కావో లెక్కపెట్టించు. ఒకసారి నొక్కుతావు, స్క్రీన్ మీద 3 అని వస్తుంది. మళ్లీ నొక్కితే 4, ఆపైన 9. బటన్ లోపల చిన్న లోహపు రేకు ఉంటుంది. అది కింది రేకును తాకగానే అతుక్కుపోదు, నేల మీద పడ్డ గోళీకాయలా రెండుమూడు సార్లు ఎగిరి అప్పుడు స్థిరపడుతుంది. దానికి పట్టేది కొన్ని మిల్లీసెకన్లే. మన కంటికి అది లేనట్టే. కానీ 5 మిల్లీసెకన్లలో ఈ చిప్ 80 వేల టిక్కులు వేస్తుంది. ప్రతి ఎగురుడూ దానికి ఒక కొత్త నొక్కుడులా కనిపిస్తుంది. మొదటి మార్పు కనబడ్డాక ఓ 20 మిల్లీసెకన్లు ఆగి, అప్పుడూ అలాగే ఉంటేనే నిజమని నమ్మమని ప్రోగ్రామ్‌లో రాస్తాం. డీబౌన్స్ అంటారు.

సీ లాంగ్వేజ్ ఎంత బాగా వచ్చినవాళ్లైనా ఈ రెండు దెబ్బలు తినాల్సిందే. బయటి ప్రపంచం నుంచి వచ్చే ఏ సంకేతమూ శుభ్రంగా రాదు. దాన్ని అనుమానించడం, కొలిచి చూడడం, కాసేపు ఆగి నిర్ధారించుకోవడం ఈ వృత్తిలో రోజూ చేసే పని. కోడింగ్ రాదని నువ్వు దిగులు పడుతున్నావు గానీ, ఓపిగ్గా గమనించే అలవాటు ఉంటే కోడింగ్ వెనకే వస్తుంది.

నా సంగతి ఒకటి చెబుతాను. కొత్తలో మా ఇంటి ట్యాంకుకు నేనే ఒక కంట్రోలర్ కట్టాను. ట్యాంకు నిండగానే మోటారు ఆపేసేది. ఆపిన మరుక్షణం బోర్డు రీస్టార్ట్ అయ్యేది, లేచి మోటారు మళ్లీ వేసేది. రెండు వారాలు రాత్రుళ్లు కూర్చుని ప్రోగ్రామ్‌ను మూడుసార్లు తిరగరాశాను. మార్పు లేదు. చివరికి రిలే వైరు పీకేసి, మోటారు లేకుండా ఒట్టి బోర్డును నడిపితే రోజంతా నిక్షేపంగా నడిచింది. అప్పుడు అర్థమైంది. కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు తెగిన క్షణంలో ఒక్కసారిగా వోల్టేజ్ ఎగదన్నుతోంది. పక్కనే రిలేతో కలిసి ఒకే అడాప్టర్ మీద బతుకుతున్న చిప్ ఆ దెబ్బకు తల తిరిగి పడిపోతోంది. కాయిల్‌కు అడ్డంగా రెసిస్టరూ కెపాసిటరూ పెట్టి, రిలేకు వేరే సప్లై ఇస్తే ఆ జబ్బు మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఏది చెడినా ముందు మీటరు తీస్తాను, తర్వాతే ల్యాప్‌టాప్ తెరుస్తాను. సిమ్ మాడ్యూళ్లతోనూ ఇదే గొడవ. ఎక్కువగా వాడే 2జీ మాడ్యూళ్లు టవర్‌తో మాట్లాడే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతాయి. సన్న వైరు, చవక అడాప్టర్ పెడితే కాల్ వచ్చినప్పుడల్లా పడిపోతాయి. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు కాబట్టి అలాంటి స్టార్టర్లలో జియో సిమ్ పనిచేయదన్న సంగతి మీ ఊళ్లో చాలామంది రైతులకు ఈపాటికే తెలిసి ఉంటుంది.

మూడో వారానికి నీకు కాలం గురించి చిక్కులు వస్తాయి. ఊనోలో ఇంట్ (అంకెను దాచుకునే డబ్బా) అని రాస్తే అది 16 బిట్లది. 32,767 దాకా లెక్కపెట్టి ఆ తర్వాత మైనస్ 32,768లోకి దూకుతుంది. మిల్లీసెకన్లను అందులో దాచావంటే నీ ప్రోగ్రామ్ 32 సెకన్ల పాటు బుద్ధిగా నడిచి 33వ సెకనులో పిచ్చిపిచ్చిగా చేస్తుంది. పెద్ద డబ్బా అని 32 బిట్లది తీసుకున్నా, ఆ మిల్లీసెకన్ల లెక్క 49 రోజుల 17 గంటలకు మళ్లీ సున్నాకు వస్తుంది. నీ టేబుల్ మీద ఎవరూ 50 రోజులు పరీక్ష చేయరు. పొలంలో స్టార్టర్ మాత్రం సీజనంతా ఆగకుండా ఉంటుంది. మోటారును ఫలానా సమయానికి ఆపు అని రాస్తే ఆ రోజున తప్పుతుంది. వేసి ఎంతసేపయిందో తీసివేత చేసి చూడమని రాస్తే, మైనస్ లేని 32 బిట్ల రకంలో ఆ తీసివేత సున్నా దాటినా సరైన జవాబే ఇస్తుంది. కాగితం మీద చిన్న అంకెలతో వేసి చూసుకో, ఎందుకో నీకే తడుతుంది.

అంత చూసుకున్నా ఎప్పుడో ఒకప్పుడు ప్రోగ్రామ్ ఎక్కడో ఇరుక్కుంటుంది. పొలంలో దాన్ని ఆపి ఆన్ చేసేవాళ్లు ఉండరు. అందుకే చిప్‌లోనే వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ ఉంటుంది. ప్రోగ్రామ్ తాను బతికే ఉన్నానని దానికి ఎప్పటికప్పుడు చెబుతుండాలి. చెప్పలేదంటే అది చిప్‌ను రీసెట్ చేస్తుంది. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కంప్యూటర్‌లో పనుల ప్రాధాన్యం తిరగబడి ఒక ముఖ్యమైన పని ఇరుక్కుపోయినప్పుడు, మళ్లీ మళ్లీ రీసెట్ చేసి దాన్ని నిలబెట్టింది ఇలాంటి వాచ్‌డాగే. ఈలోగా భూమ్మీద ఇంజినీర్లు తప్పు కనిపెట్టి, సవరణను అక్కడికి పంపారు.

ఈ పాటికి నెలన్నర అవుతుంది. అప్పుడు మీ స్టార్టర్‌కు బొమ్మ నమూనా కట్టు. మోటారు బదులు ఎల్ఈడీ, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ బదులు పొటెన్షియోమీటర్, నాన్న ఫోన్ బదులు బటన్. పొటెన్షియోమీటర్ తిప్పితే చిప్ దాన్ని 0 నుంచి 1023 దాకా అంకెలుగా చదువుతుంది. కరెంటు తగ్గితే మోటారు ఆపేయాలి. వినడానికి ఒక్క లైను పని. కూర్చుంటే ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మోటారు వేసిన మొదటి క్షణాల్లో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, దాన్ని ఓవర్‌లోడ్ అనుకుని ఆపేయకూడదు కదా, మరి ఎన్ని సెకన్లు చూసీ చూడనట్టు ఉండాలి? కరెంటు ఒక్క క్షణం తగ్గి మళ్లీ పెరిగితే బోరు ఎండినట్టా కాదా? ఎండి ఆపేశాక ఊట రావడానికి ఎంతసేపు ఆగి మళ్లీ వేయాలి? మధ్యలో కరెంటు పోయి వస్తే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఈ జవాబులు ఏ పుస్తకంలోనూ ఉండవు. మీ బోరు గురించి తెలిసిన నాన్నే ఇక్కడ నీకు గురువు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. అసలు స్టార్టర్ డబ్బా తెరిచి చెయ్యి పెట్టొద్దు. అందులో ఉండేది 415 వోల్టుల మూడు ఫేజ్‌ల కరెంటు. తడి నేల మీద నిలబడి దానితో ప్రయోగాలు చేస్తే ప్రాణం పోతుంది. నీ ప్రయోగాలన్నీ యూఎస్‌బీ 5 వోల్టుల లోపే ఉండాలి. లోపల చూడాలనుంటే మీ ఊరి మెకానిక్ కరెంటు తీసేసి రిపేరు చేస్తున్నప్పుడు దూరంగా నిలబడి చూడు, అడుగు, బొమ్మ గీసుకో.

సీ గురించి: మొత్తం పుస్తకం అక్కర్లేదు. ఫంక్షన్లు, అర్రేలు, బిట్లతో ఆటలు బాగా రావాలి. రిజిస్టర్ అంటే భయపడకు. ఇంట్లో ఎనిమిది స్విచ్చుల బోర్డు ఊహించుకో. ఊనోలో 13వ పిన్నుకు పోర్ట్ బి అనే బోర్డులో ఒక స్విచ్ ఉంటుంది. మిగతా ఏడింటినీ కదపకుండా ఆ ఒక్కదాన్నే వేయడానికి ఆర్, తీయడానికి యాండ్. క్లాసులో నేర్చుకున్న లాజిక్ గేట్లు పనికొచ్చేది ఇక్కడే. ఆర్డుయినో ఇచ్చే సులువు ఫంక్షన్లతో నమూనా నడిచాక, అదే పనిని నేరుగా రిజిస్టర్లతో రాసి చూడు. అప్పుడు చిప్ వివరాలన్నీ ఉండే డేటాషీట్ తెరవక తప్పదు. వందల పేజీలుంటాయి, అంతా చదవాల్సిన పని లేదు. పోర్టుల అధ్యాయం ఒక్కటి చదివి ఎల్ఈడీ వెలిగించగలిగితే చాలు, 8051 కూడా అప్పుడే నిజంగా అర్థమవుతుంది. ఆపైన ఈఎస్‌పీ 32 లాంటి వైఫై చిప్‌కు వెళ్లొచ్చు. అది 3.3 వోల్టులది, 5 వోల్టుల సెన్సర్‌ను నేరుగా తగిలిస్తే పిన్ను పోవచ్చు, గుర్తుంచుకో. వీడియో పాఠాలు కావాలంటే ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్లవి ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు.

కోర్సు మాట. మూడు నెలల తర్వాత నీకు ఏది రావడం లేదో నీకే స్పష్టంగా తెలుస్తుంది. ఆర్‌టీఓఎస్ (అనేక పనులను సమయానికి నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్), లైనక్స్ డ్రైవర్లు, క్యాన్ బస్ (వాహనాల్లో చిప్‌లు మాట్లాడుకునే తీగ పద్ధతి) లాంటివి ఒంటరిగా కష్టమనిపిస్తే అప్పుడు చేరడంలో తప్పు లేదు. చేరే ముందు రెండు ప్రశ్నలు అడుగు: బోర్డు నా చేతికి ఇస్తారా, నలుగురికి కలిపి ఒకటా? ప్రాజెక్ట్ నేను కట్టాలా, మీరే కట్టి ఇస్తారా? కట్టి ఇస్తామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయ్. ఇంటర్వ్యూలో ‘నీ ప్రాజెక్ట్‌లో ఏది పనిచేయలేదు, ఎలా కనిపెట్టావు’ అని అడుగుతారు. నేనూ అదే అడిగేవాణ్ని. కొన్న ప్రాజెక్ట్‌తో ఆ ప్రశ్నకు జవాబుండదు.

ఉద్యోగాల కోసం నువ్వు ఎంతో దూరం చూడక్కర్లేదు. రైలు డ్రైవర్ ఎర్ర సిగ్నల్ గమనించకపోతే తానే బ్రేకు వేసే కవచ్ వ్యవస్థ పరీక్షలు మొదట మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. దాన్ని తయారుచేసే మేధా, కెర్నెక్స్ హైదరాబాద్ కంపెనీలే. చిప్ కంపెనీల ఆఫీసులూ ఇక్కడ చాలా ఉన్నాయి. బోరు ఎండితే మోటారు ఆపడానికీ, సిగ్నల్ దాటబోతే రైలు ఆపడానికీ వెనకున్న ఆలోచన ఒక్కటే. రైలు విషయంలో తప్పుకు చోటు లేదు కాబట్టి పరీక్షలు ఎన్నో రెట్లు ఎక్కువ.

వచ్చే సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం పట్టుకుని నాన్నతో పొలానికి వెళ్లు. మోటారు వేశాక ఎన్ని నిమిషాలకు ధార సన్నబడుతుందో, ఆపాక ఎంతసేపటికి మళ్లీ నిండుగా పోస్తుందో మూడు రోజులు రాసుకో. మీ స్టార్టర్‌కు ఆంపియర్ల మీటరు ఉంటే ఆ అంకెలు కూడా. నీ నమూనాలో పెట్టాల్సిన సెకన్లూ నిమిషాలూ అందులోంచే తీయాలి. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు, ప్రోగ్రామ్ ఎలా మలచాలో వచ్చే ఉత్తరంలో దాని మీదే మాట్లాడుకుందాం.